అడుగున నాలుగు వేళ్ళు

ఆదివారం మధ్యాహ్నం వేసిన రెండో కంచం, సోమవారం పొద్దున యేసుదాసు ఇంటికి తాళం వేసేటప్పటికి కూడా బల్ల మీదే ఉంది. అది స్నేహితుడు అబ్బులు కోసం వేసింది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం అబ్బులు తాడేపల్లిగూడెంలో బస్సెక్కి ఏలూరు వచ్చి, ఆ కంచంలో తిని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాడు. ఒకరికి భార్య పోయింది, ఇంకొకరికి కొడుకు పోయాడు. ఆ రెండు సంగతులూ తప్ప లోకంలో ఉన్నవన్నీ మాట్లాడుకునేవాళ్ళు. ఈ ఆదివారం చేపల పులుసు చల్లారిపోయింది గానీ మనిషి రాలేదు. సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి, "జంగారెడ్డిగూడెంలో లారీ ఒకటి ఆగిపోయిందిరా దాసూ, పొద్దున్నే పోవాల్సొచ్చింది" అన్నాడు. గొంతు అలిసిపోయినట్టు ఉంది. సరేలే అన్నాడు యేసుదాసు. కంచం మాత్రం ఎందుకో తియ్యబుద్ధి కాలేదు.

రాత్రి ఎనిమిదింటికి మెర్సీ ఫోన్ చేసింది. గుండుగొలను దగ్గర ఒక ఆస్పత్రిలో నర్సు ఆ అమ్మాయి. "మా నాన్న యాకోబు హత్య చేశాడని పట్టుకెళ్ళారండి. ఆయన కోడిని కోయమన్నా పక్కకి తిరిగే మనిషండి. మీరు రావాలండి" అని ఏడ్చింది. అందుకే 2005 నవంబరు 21వ తేదీ, సోమవారం, ఉదయం పది ఇరవైకి యేసుదాసు గుండుగొలను హైవే పక్కనున్న పోలీసు స్టేషన్ గేటు ముందు బస్సు దిగాడు.

అతను డిటెక్టివ్. ఏలూరులో ఆ మాటంటే జనం నవ్వుతారని ఇంటి ముందు బోర్డు కూడా పెట్టుకోలేదు. ఇరవై రెండేళ్ళు బస్సు డిపోలో డీజిల్ మెకానిక్కుగా పనిచేసి, ఇంజన్ల మోతకి ఎడమ చెవి పోయాక బయటికి వచ్చి, ప్రమాదాల్లో నిజమెంతో అబద్ధమెంతో బీమా వాళ్ళకి తేల్చిపెట్టే పని పట్టాడు. పనిలో పనిగా దొంగతనాలు, ఆ తర్వాత హత్యలు వచ్చి మెడకి చుట్టుకున్నాయి.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శ్యామ్ సుందర్ వరండాలోనే ఎదురొచ్చాడు. ముప్ఫై ఆరేళ్ళ మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, మర్యాద తప్పని మాట. పోయినేడాది యేసుదాసు అతని కేసొకటి కోర్టులో నీరుగార్చాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"రండి యేసుదాసు గారూ. మీరొస్తారని తెలుసండి. మూడింటికి మేజిస్ట్రేటు గారి ముందు పెట్టాలి, రెండింటికి వ్యాన్ బయల్దేరుతుంది. ఈలోపు మీ ముచ్చట తీర్చుకోండి."

"ముచ్చటేముందండి. మీ లెక్కేంటో చెప్తారా?"

"లెక్క చిన్నదేనండి. పోయినాయన బుచ్చిబాబు, కొల్లేట్లో చేపల చెరువు ఆయనది. నిన్న మధ్యాహ్నం పన్నెండు నలభైకి సెల్లులో భార్యతో మాట్లాడాడు. రెండున్నరకి చేపల బేరగాడు వెళ్ళేసరికి గట్టు మీద షెడ్డులో, పంపు ఇంజన్ చక్రం పక్కన, తల పగిలి పడున్నాడు. ఆయన పికప్ బండి లేదు. మూడింటికి ఆ బండి ఏడు కిలోమీటర్ల అవతల, గుండుగొలను రోడ్డు పక్కన దొరికింది. మూడుంపావుకి దానికి వంద గజాల్లో మీ యాకోబు దొరికాడు. చెరువు కాపలాదారు. ముందురోజే సెలవివ్వలేదని యజమానితో గొడవపడ్డాడు. ట్రాక్టరు తోలడం వచ్చు."

బుచ్చిబాబు పేరు యేసుదాసుకి కొత్తది కాదు. అబ్బులు కొడుకు జీవన్ డ్రైవరుగా ద్వారకా తిరుమల కొండ దిగుతూ పోయింది ఆ బుచ్చిబాబు పాత వ్యాన్లోనే. ఆ వ్యాన్ బ్రేకులు బాగాలేవు, రోడ్డెక్కించొద్దని అబ్బులు చెప్పినా, ఆయన వినలేదు. ఈ కబురు అబ్బులుకి ఎలా చెప్పాలా అనుకున్నాడు యేసుదాసు. సంతోషించడు, అలాగని ఏడవనూ ఏడవడు.

"యాకోబు ఏమంటాడండి?" అని అడిగాడు.

"పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా అవతలి గట్టున చేపలకి మేత సంచులు కడుతున్నానంటాడు. తిరిగొచ్చి శవాన్ని చూసి, కూతురికి చెప్దామని నడుచుకుంటూ వచ్చానంటాడు. చూసినవాళ్ళు ఒక్కరు లేరు. ఫలానా టైంలో ఫలానా చోట ఉన్నాడని చెప్పే మనిషి ఒక్కడైనా ఉండాలి గదండీ లోకంలో!"

ఆ మాట యేసుదాసుకి ఎక్కడో తగిలింది. నిన్న పన్నెండు నుంచి నాలుగింటి దాకా నువ్వెక్కడున్నావని తననడిగితే? రెండు కంచాల ముందు ఒక్కడే కూర్చున్నాడు. ఎవరొచ్చి చెప్తారు సాక్ష్యం? భార్య నిర్మల ఉంటే చెప్పేది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఒంటరివాడికి ఏ చెట్టైనా తాటిచెట్టే.

యాకోబుకి అరవై దాటాయి. లాకప్పులో గోడకి ఆనుకుని కూర్చుని, యేసుదాసుని చూసి లేవబోయాడు.

"కూర్చోండి యాకోబు గారూ. ఎన్నేళ్ళయింది చెరువు మీద?"

"పదిహేడండి. మా అమ్మాయి చిన్నప్పుడు ఎక్కానండి గట్టు."

"బండి మీరు తోలారా?"

"లేదండి బాబూ. శబ్దం విన్నానండి. ఒంటిగంటకి."

"ఒంటిగంటని ఎలా తెలుసు?"

"రేడియోలో టైము చెప్పాడండి. రేడియో లేందే నేను ఎక్కడికీ వెళ్ళనండి. మనిషి మాట వినపడాలి గదండీ."

"శబ్దం ఎలా ఉంది?"

యాకోబు కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాడు. "ముందు బాగానే ఉందండి. మలుపు దాటాక దగ్గుతా దగ్గుతా వెళ్ళిందండి. ఓసారి ఆగి మళ్ళీ బయల్దేరింది."

"బండిలో డీజిల్ ఎంతుంది?"

"ముల్లు సున్నా మీదే ఉందండి శనివారం నుంచీ. షెడ్డు బయట డ్రమ్ము కూడా అయిపోయింది. కొత్తది సోమవారం తెప్పిస్తానన్నారండి బాబుగారు."

"డ్రమ్ములో అసలేమీ లేదా?"

"అడుగు నాలుగు వేళ్ళు ఉందండి."

"అది పోసుకోవచ్చుగా?"

పదిహేడేళ్ళు గట్టు మీద బతికిన మనిషి, పట్నం నుంచి వచ్చిన అమాయకుణ్ణి చూసినట్టు చూశాడు. "నాలుగు వేళ్ళు తియ్యకూడదండి. డ్రమ్ము ఆరుబయటే ఉంటాది. వాన పడుద్ది, మంచు పడుద్ది. నీళ్ళు మూతి సందులోంచి దిగి అడుక్కి చేరిపోతాయండి. అందుకే పీల్చే గొట్టానికి ఎర్రగుడ్డ కడతామండి, గొట్టం నాలుగు వేళ్ళ పైనే ఆగాలని. చెరువు మీద చంటిపిల్లోడికి కూడా తెలుసండి ఆ సంగతి. అది తీసి ఇంజన్లో పోస్తే ఇంజన్ని చంపేసినట్టేగా అండి."

యేసుదాసు వెనక్కి తిరిగాడు. "ఆ గొట్టం స్వాధీనం చేసుకున్నారాండీ?"

"చేసుకున్నాం," అన్నాడు శ్యామ్ సుందర్. "ఎర్రగుడ్డ ఊడి డ్రమ్ము కిందే పడుంది. అయితే ఏంటండి? కంగారులో ఉన్నవాడు ఏది దొరికితే అది పోస్తాడు."

"నీళ్ళని తెలిసిన మనిషి, తను పారిపోయే బండిలో నీళ్ళు పోసుకోడు గదండీ. తెలియనివాడే గుడ్డ పీకి అడుగుదాకా దించుతాడు."

"పారిపోవాలని లేకపోతే యాకోబు రోడ్డు మీద ఎందుకున్నాడండి?" అని కొట్టిపారేశాడు ఇన్‌స్పెక్టర్.

వెళ్తుంటే యాకోబు మెల్లగా పిలిచాడు. "బాబూ, నా రేడియో గట్టు మీదే ఉండిపోయిందండి. మంచుకి తడిస్తే పాడైపోద్ది. ఎవరికైనా కాస్త చెప్పండి." ప్రాణం మీదికొచ్చిన మనిషి రేడియో గురించి బెంగపెట్టుకున్నాడు. యేసుదాసుకి అందులో వింతేమీ కనిపించలేదు. నిర్మల పోయాక తన ఇంట్లో టీవీ రోజంతా మోగుతూనే ఉంటుంది.

బండి స్టేషన్ వెనకాల వేపచెట్టు కింద ఉంది. కానిస్టేబుల్ తాళం తిప్పాడు. నాలుగుసార్లు ముక్కి ఐదోసారికి అందుకుంది. అందుకోవడం అంటే అందుకుంది గానీ, చలిజ్వరం వచ్చిన మనిషిలా ఒళ్ళంతా ఒణుకుతూ నిలబడింది. బోనెట్ మీద కానిస్టేబుల్ పెట్టిన టీ గ్లాసు టకటకమని కదులుతూ అంచుదాకా వెళ్తే యేసుదాసు పట్టుకున్నాడు. వెనక గొట్టం నుంచి తెల్లటి పొగ. కుడి చెవి ఒగ్గి విన్నాడు, అరచెయ్యి బోనెట్ మీద ఆనించి చూశాడు. వినికిడి తగ్గాక అతనికి చేతులే చెవులయ్యాయి.

"ఎందుకండీ శ్రమ," అంటూ శ్యామ్ సుందర్ ఒక కాగితం చాపాడు. "పొద్దున ఏడింటికే మెకానిక్కుని పిలిపించి చూపించేశాం. మా స్టేషన్ జీపు చూసేది కూడా ఆయనే. తాడేపల్లిగూడెం అబ్బులు."

యేసుదాసుకి నవ్వొచ్చింది. ఆ గుండ్రటి అక్షరాలు అతనికి బాగా తెలుసు. 'మూడో ఇంజెక్టర్ పోయింది. మిస్సింగుకీ వైబ్రేషన్‌కీ అదే కారణం' అని రాసి ఉంది. అబ్బులు చూశాడంటే ఇక చూడక్కర్లేదు. అలా అనుకుంటూనే స్పానర్ తీసుకున్నాడు. చేతుల అలవాటు, ఊరుకోవు.

ముందు ఇంజన్ కింద ఒణుకు ఆపే మౌంటింగ్ రబ్బర్లు చూశాడు. పగల్లేదు. తర్వాత, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మీదికి వంగి ఆగిపోయాడు. నాలుగు నట్ల మీదా బూడిదరంగు దుమ్ము, ఎండిపోయిన చేప పొలుసులు. ఒక్క నట్టుకీ స్పానర్ తగల్లేదు. ఇంజెక్టర్ విప్పకుండా పోయిందని అబ్బులు ఎలా రాశాడు?

మూడో సిలిండర్‌కి డీజిల్ అందకుండా దాని పైపు నట్టు అరచుట్టు వదులు చేశాడు. ఇంజన్ శబ్దం మారిపోయింది, కుంటిది ఇంకాస్త కుంటింది. అంటే మూడో సిలిండర్ పనిచేస్తోంది. బిగించి ఒకటోది వదులు చేశాడు. ఏమీ మారలేదు. అంటే ఒకటోది చచ్చింది. రెండు నిమిషాలాగి మళ్ళీ చూస్తే ఒకటోది బతికింది, నాలుగోది చచ్చింది. జబ్బు ఒకచోట నిలబడ్డం లేదు, ఇల్లిల్లూ తిరుగుతోంది. ఇంజెక్టర్ పోతే పోయినచోటే పోతుంది. ఇలా తిరిగేది డీజిల్లో నీళ్ళుంటేనే.

డిపోలో తనకీ అబ్బులుకీ పని నేర్పిన సత్యనారాయణమూర్తి మేస్త్రి రోజూ పాఠం అప్పజెప్పించుకునేవాడు: "ముందు నీళ్ళు, తర్వాత గాలి, ఆఖరికి సూది." ఇంజెక్టర్ని ఆయన సూది అనేవాడు. ముందు ఫిల్టర్ అడుగు స్క్రూ వదిలి నీళ్ళు చూడాలి, తర్వాత పైపుల్లో గాలి తియ్యాలి, రెండూ కాదని తేలాకే ఇంజెక్టర్ జోలికి పోవాలి. ముప్ఫై ఏళ్ళలో అబ్బులు ఆ వరస తప్పడం యేసుదాసు చూడలేదు. కలలో కూడా ముందు నీళ్ళే చూసే మనిషి.

ఇంజన్ ఆపించి ఫిల్టర్ కిందికి చెయ్యి పోనిచ్చాడు. అడుగు స్క్రూ వేలికి తగిలింది. తల మీద కొత్త గీతలు, స్పానర్ కరిచిన తాజా మెరుపు. చుట్టూ ఏదో మెత్తగా అంటుకుని ఉంది. గోటితో గీకి చూశాడు. పచ్చ సబ్బు.

కారకుండా డీజిల్ స్క్రూకి సబ్బు పెట్టడం మెకానిక్కులందరికీ తెలిసిన చిట్కానే. కానీ ఈ సబ్బు ఇంకా గోరు దిగేంత మెత్తగా ఉంది. పెట్టి ఒకటి రెండు రోజులు కూడా అయుండదు. దాంతోపాటు ఒక దారప్పోగు వచ్చింది. సబ్బులో తువ్వాలు పోగు కలిపి చుట్టడం మేస్త్రి గారి పద్ధతి. ఆయన దాన్ని ఇద్దరికే నేర్పాడు.

యేసుదాసు చాలాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. నడుం పట్టేసిందేమోనని కానిస్టేబుల్ వచ్చి చెయ్యిచ్చాడు.

స్క్రూ వదిలి, కారిందంతా గాజు సీసాలో పట్టాడు. పైన డీజిల్, కింద నాచురంగు నీళ్ళు. నీళ్ళ మందం కొలిస్తే నాలుగు వేళ్ళకి ఒక వేలు తక్కువ. సీసా తీసుకెళ్ళి శ్యామ్ సుందర్ బల్ల మీద పెట్టాడు. అప్పుడు పన్నెండు పది.

"ఇంజెక్టర్లు బాగున్నాయండి. బండి ఒణికింది ఈ నీళ్ళకి. డ్రమ్ము అడుగు నీళ్ళు. చెరువు మనిషి పని కాదిది."

"మా మెకానిక్కు ఇంజెక్టర్ అని రాసిచ్చాడండి. మీకా ఒక చెవి వినపడదు. ఎవరి మాట నమ్మమంటారు?"

"చెవి మాటెందుకండీ, సీసా కళ్ళతో చూసేదేగా. బండి తోలినవాడు దారిలో ఆపి ఒకసారి నీళ్ళు తీశాడు. ఆగి బయల్దేరిందని యాకోబు విన్నాడు. తీసి, సబ్బు పెట్టి బిగించాడు. యాకోబుకి స్పానర్ పట్టుకోవడమే రాదు. వాడెవడో పనిముట్లున్న మనిషి."

ఇన్‌స్పెక్టర్ మొహంలో వెటకారం తగ్గింది. తెలివైనవాడే, ఒప్పుకోవడమే కష్టం. "ఆ సబ్బు పొద్దున అబ్బులే పెట్టాడేమో?"

"అయ్యుండొచ్చండి," అన్నాడు యేసుదాసు. అలాగే అయ్యుండాలని ప్రార్థన చేసుకున్నాడు కూడా. "పిలిచి అడగండి."

నీళ్ళ డీజిలంతా వంచేసి, స్టేషన్ జీపు క్యాను నుంచి మంచి డీజిల్ పోసి, పైపుల్లో గాలి తీసేసరికి ఒకటిన్నరైంది. బండి స్టార్ట్ చేశాడు. మొదట కాస్త నీలిగి, తర్వాత కుదురుగా పాడుకుంటూ నిలబడింది. బోనెట్ మీద టీ గ్లాసు పెట్టాడు. కదల్లేదు. సరిగ్గా అప్పుడే గేట్లోంచి అబ్బులు వచ్చాడు, భుజాన పనిముట్ల సంచితో. గేటు పక్కన క్యారేజీతో నిలబడ్డ మెర్సీ దారిచ్చింది.

అబ్బులు ఇంజన్ శబ్దం విని ఒక్కక్షణం ఆగాడు. తర్వాత యేసుదాసు దగ్గరికొచ్చి, "అన్నం తిన్నావారా దాసూ?" అన్నాడు.

"లేదురా. నువ్వు?"

"తినబుద్ధి కాలేదు."

శ్యామ్ సుందర్ సీసా పట్టుకుని వచ్చాడు. "అబ్బులు గారూ, పొద్దున మీరు ఈ ఫిల్టర్ విప్పారా?"

"లేదండి. ఎందుకండీ విప్పడం? అది ఇంజెక్టరే గదండీ."

"అస్సలు ముట్టుకోలేదా?" అని అడిగాడు యేసుదాసు. ముట్టుకున్నానను, ఒక్కసారి ముట్టుకున్నానను అని లోపల బతిమాలుకున్నాడు.

"లేదన్నాగదరా."

యేసుదాసు గుప్పిట తెరిచాడు. పచ్చ సబ్బు ముద్ద, అందులో తువ్వాలు పోగు. అబ్బులు దాన్ని చూశాడు గానీ యేసుదాసు మొహంలోకి చూడలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అతని చెయ్యి తనకి తెలియకుండానే పనిముట్ల సంచి మీదికి పోయింది. శ్యామ్ సుందర్ కళ్ళు ఆ చెయ్యి వెంటే వెళ్ళాయి.

"మర్యాదకి అడుగుతున్నానండి, ఏమనుకోకండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. "నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకి మీరెక్కడున్నారు?"

"ఆదివారం నేనెక్కడుంటానండీ? ఏలూరులో, దాసు ఇంట్లో. రెండేళ్ళ నుంచీ అంతేగా. అక్కడే తిన్నాను, అక్కడే పడుకున్నాను. వాణ్ణే అడగండి."

అప్పుడు చూశాడు అబ్బులు అతని కళ్ళలోకి. ఆ చూపులో బెదిరింపు లేదు, మోసం లేదు. జీవన్ని పాతిపెట్టిన రోజు శ్మశానం గేటు దగ్గర చూసిన చూపే అది. నాకెవరున్నార్రా అన్న చూపు.

వ్యాన్ తలుపు తెరిచిన చప్పుడైంది. యాకోబుని నడిపించుకొస్తున్నారు. మెర్సీ "నాన్నా" అని పరిగెత్తింది. యాకోబు కూతురి భుజం మీంచి యేసుదాసు వైపు చూసి, రేడియో సంగతి చెప్పారాండీ అన్నట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టాడు.

"ఏమండీ యేసుదాసు గారూ?" అన్నాడు శ్యామ్ సుందర్. "మీ ఇంట్లోనే ఉన్నారా ఈయన?"

ఒక్క మాట చాలు. అవునండి అంటే అయిపోతుంది. వచ్చే ఆదివారం పన్నెండున్నరకి తలుపు చప్పుడవుతుంది, రెండో కంచంలోకి పులుసు పడుతుంది, ఉప్పెక్కువైందిరా అని అబ్బులు తిడతాడు. లేదంటే ఇక ఏ ఆదివారమూ ఎవరూ తలుపు కొట్టరు. ఈ యాభై ఎనిమిదేళ్ళలో అంత చిన్న అబద్ధం అంత తియ్యగా అతనికెప్పుడూ కనిపించలేదు. దేవుడా, ఇది నన్నే అడగాలా అనుకున్నాడు. కానీ వ్యాన్ మెట్టు ఎక్కలేక తడబడుతున్న ఆ ముసలివాడికి కూడా, అతను కాదని చెప్పే మనిషి తనొక్కడే మిగిలాడు.

"రాలేదండి," అన్నాడు యేసుదాసు. తన గొంతు తనకే వినపడలేదు, మళ్ళీ చెప్పాడు. "రాలేదండి. అన్నం పెట్టుకుని నాలుగింటి దాకా కూర్చున్నాను. కంచం ఇంకా బల్ల మీదే ఉంది."

బండి ఇంజన్ ఒక్కటే కుదురుగా తిరుగుతోంది. అబ్బులు భుజాన ఉన్న పనిముట్ల సంచి దించి, యేసుదాసు కాళ్ళ దగ్గర జాగ్రత్తగా పెట్టాడు.

"పంపు బాగుచెయ్యమని పిలిచాడ్రా. జీవన్ మాటెత్తితే, డ్రైవరు తప్పేగా అన్నాడు. తోశాను, అంతే. కంగారులో ఆ ఎర్రగుడ్డ ఎందుకు కట్టారో కూడా చూడలేదు," అన్నాడు. "ముసలాయన్ని పట్టుకుంటారనుకోలేదు. పట్టుకున్నాక నోరు రాలేదు."

కానిస్టేబుల్ వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. అబ్బులు విడిపించుకోలేదు. రెండడుగులు వేసి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగాడు.

"కాగితం మీద అలా రాశాను గానీ, ముందు నీళ్ళే చూశాన్రా దాసూ. మేస్త్రి గారు చెప్పినట్టే. దారిలో రెండుసార్లు తీశాను. ఎంత తీసినా నీళ్ళేరా."